హెచ్‌ఓఏ లెటర్: ఎండిన లాన్, చచ్చిన చెట్టు, కనిపించే పందిరి. ముందు ఏది తేల్చుకోవాలి? (డల్లస్ ఉత్తరం)

కాలిన్_వాకిలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇల్లు టెక్సస్‌లో, కాలిన్ కౌంటీలో ఉంది. ముందు లాన్ దాదాపు 1,800 చదరపు అడుగులు. చాలా వరకు బెర్ముడా గడ్డి, డ్రైవ్‌వే వైపు కొంత సెయింట్ ఆగస్టీన్ గడ్డి. ఆగస్టు మొదటి వారంలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) తరఫున మేనేజ్‌మెంట్ వాళ్ళు లెటర్ పంపారు. అందులో మూడు ఫిర్యాదులు ఉన్నాయి. ఒకటి, ముందు గడ్డి ఎండిపోయింది, 14 రోజుల్లో పచ్చబడాలి. రెండు, ముందున్న ఓక్ చెట్టు చచ్చిపోయింది, 30 రోజుల్లో తీసేసి 3 అంగుళాల కాలిపర్ (కాండం మందం) చెట్టు పెట్టాలి. మూడు, మా ఇంటి పక్క యార్డులోని బీర పందిరి ఫెన్స్ మీదుగా రోడ్డుకు కనిపిస్తోంది, తీసేయాలి.

మా ఊళ్ళో స్ప్రింక్లర్లకు వారానికి రెండు రోజులే అనుమతి. ఎండాకాలమంతా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా అసలు పెట్టకూడదు. డ్రైవ్‌వే పక్కన 300 చదరపు అడుగుల ముక్కలో ఎంత నీళ్ళు పెట్టినా గడ్డి నిలవడం లేదు. అక్కడ గడ్డి పూర్తిగా తీసేసి, తక్కువ నీళ్ళతో బతికే మొక్కలూ గులకరాళ్ళూ వేద్దామని ఉంది. దీనికి ముందే అనుమతి తీసుకోవాలా? గడువు దాటితే ఏమవుతుంది? ఏ పని ముందు, ఏది తర్వాత? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

---

డీడ్_చదివినవాడు

ముందు ఒక్క సంగతి చూడండి: లెటర్ మామూలు పోస్టులో వచ్చిందా, సర్టిఫైడ్ మెయిల్‌లోనా (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది)? మామూలుగా వచ్చేది హెచ్చరిక మాత్రమే, దాని మీద వెంటనే ఫైన్ పడదు. ఫైన్ వేయాలంటే టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209.006 ప్రకారం సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపాలి. ఏ తప్పు, ఎంత బాకీ, ఏ తేదీలోగా సరిచేయాలి అన్నవి అందులో ఉండాలి. నోటీసు మెయిల్ చేసిన రోజు నుంచి 30 రోజుల్లోగా బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చని కూడా రాసి ఉండాలి. ఈ 30 రోజులు లెక్కపెట్టేది మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, వాళ్ళు మెయిల్ చేసిన రోజు నుంచి. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. కవరు పారేయకండి, దాని మీద తేదీ ముద్ర ఉంటుంది.

గడ్డి, చెట్టు లాంటివి సరిచేయగలిగిన తప్పుల కింద వస్తాయి కాబట్టి సరిచేసుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలి. అయితే గత ఆరు నెలల్లో ఇదే తప్పుకు నోటీసు ఇచ్చి, అవకాశం ఇచ్చి ఉంటే మళ్ళీ ఇవ్వక్కర్లేదు. అందుకే మొదటి నోటీసుకే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఫోన్లో "సరే, చూస్తామండి" అన్న మాటకు రికార్డు ఉండదు.

హియరింగ్ అడిగితే 30 రోజుల్లోపు పెట్టాలి, కనీసం 10 రోజుల ముందు తేదీ, సమయం, చోటు చెప్పాలి. మీ మీద చూపబోయే ఫోటోలు, కాగితాలు కూడా హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు మీకు అందాలి. అవి రాకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. హియరింగ్‌ను ఆడియో రికార్డు చేసుకోవచ్చు.

ఎండిన గడ్డి సంగతి. 2025 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఇళ్ళకు నీటి వాడకం మీద ఆంక్షలు ఉన్న కాలంలోనూ, అవి ఎత్తేశాక 60 రోజుల దాకానూ గడ్డి గోధుమరంగుకు తిరిగిందని హెచ్‌ఓఏ ఫైన్ వేయకూడదు. మీ ఊరి వెబ్‌సైట్లో ఉన్న ఆంక్షల నోటీసును తేదీతో సహా ప్రింట్ తీసి జవాబుకు జత చేయండి. ఈ రక్షణ రంగుకే, ఎత్తుకు కాదు. కలుపు మోకాలి దాకా పెరిగితే ఈ చట్టం అడ్డురాదు. పైగా అప్పుడు ఊరి కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ళు కూడా వస్తారు, చాలా ఊళ్ళలో 12 అంగుళాలు దాటితే వాళ్ళది వేరే నోటీసు. హెచ్‌ఓఏ వేరు, సిటీ వేరు. ఒకరికి ఇచ్చిన జవాబు రెండోవారికి చెల్లదు.

డ్రైవ్‌వే పక్క ముక్కకు అనుమతి తప్పనిసరి. 202.007 సెక్షన్ ప్రకారం కరువును తట్టుకునే ల్యాండ్‌స్కేపింగ్‌ను హెచ్‌ఓఏ నిషేధించకూడదు, కారణం లేకుండా కాదనకూడదు. అయితే వివరమైన ప్లాను అడిగే హక్కు, చుట్టుపక్కల యార్డులతో కలిసిపోయేలా ఉండాలని కోరే హక్కు వాళ్ళకు ఉన్నాయి. మీరు గులకరాళ్ళు అన్నారు కదా, జాగ్రత్త. రాళ్ళు, కంకర, కాక్టస్ మీద నియమాలు పెట్టే అధికారాన్ని అదే సెక్షన్ హెచ్‌ఓఏకు వదిలేసింది. మొక్కలకు చట్టం అండ ఉంది, రాళ్ళకు లేదు. రాళ్ళు కావాలంటే మీ డీడ్ రిస్ట్రిక్షన్లు (ఇంటి దస్తావేజుతో వచ్చే కాలనీ నియమాలు), డిజైన్ గైడ్‌లైన్స్‌లో ఎంత శాతం అనుమతి ఉందో ముందు చూడండి.

అప్లికేషన్‌ను తిరస్కరిస్తే కారణమేమిటో, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాసి ఇవ్వాలి. ఆ తిరస్కరణ మీద కూడా 30 రోజుల్లో హియరింగ్ అడగొచ్చు. నలభైకి మించి ఇళ్ళున్న చోట ఈ అప్లికేషన్లను పరిశీలించే రివ్యూ కమిటీలో బోర్డు సభ్యులు గానీ, వాళ్ళ భార్యాభర్తలు గానీ కూర్చోకూడదని 2021లో నియమం వచ్చింది. పెద్ద కమ్యూనిటీల్లో కూడా దీన్ని పట్టించుకోని చోట్లు ఉన్నాయి, కమిటీలో ఎవరున్నారో అడగండి.

ఫైన్ కట్టకపోతే ఇల్లు పోతుందని భయపడేవాళ్ళు ఉన్నారు. కేవలం ఫైన్ల బాకీ మీద హెచ్‌ఓఏ ఫోర్‌క్లోజ్ చేయకూడదు (209.009). అసెస్‌మెంట్ (సంఘానికి కట్టే చందా) బాకీ మాత్రం వేరు సంగతి, దాన్ని ఎప్పుడూ ఆపకండి.

---

రేగడి_లాన్

కాగితాల సంగతి పై జవాబులో వచ్చింది. నేల సంగతి చెబుతాను.

ఇక్కడి బ్లాక్‌ల్యాండ్ మట్టి మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి లాంటిదే, రెండూ వర్టిసోల్ జాతి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఒకసారి తడిసి మూసుకున్నాక నీళ్ళు లోపలికి చాలా నెమ్మదిగా దిగుతాయి. మామూలు స్ప్రే హెడ్ గంటకు దాదాపు ఒకటిన్నర అంగుళం నీళ్ళు పోస్తుంది. 15 నిమిషాలు ఏకబిగిన వదిలితే సగం రోడ్డు మీదికి పారుతుంది. దానికి సిటీ నుంచి వేరే నోటీసు వస్తుంది, గడ్డి మాత్రం ఎండే ఉంటుంది.

అందుకే విడతలుగా పెట్టాలి. స్ప్రే జోన్‌కు 5 నిమిషాలు, గంట విరామం, మళ్ళీ 5, మళ్ళీ గంట, మళ్ళీ 5. ఒక రోజుకు 0.37 అంగుళం పైచిలుకు, రెండు రోజులకు ముప్పావు అంగుళం అవుతుంది. బెర్ముడాకు ఆగస్టులో అది చాలు. కంట్రోలర్‌లో దీన్ని 'సైకిల్ అండ్ సోక్' అంటారు. ఆ ఆప్షన్ లేని పాత కంట్రోలర్ అయితే ఒకే ప్రోగ్రామ్‌కు మూడు స్టార్ట్ టైములు పెట్టండి: తెల్లవారుజామున 3, 4:30, 6. జోన్లు ఎక్కువైతే ఒక విడత పూర్తయ్యేలోపే రెండో స్టార్ట్ టైమ్ వచ్చేస్తుంది, మొత్తం నిమిషాలు కూడి చూసుకోండి. రాత్రి తొమ్మిదికి పెట్టకండి. గడ్డి రాత్రంతా తడిగా ఉంటే సెప్టెంబరు, అక్టోబరులో సెయింట్ ఆగస్టీన్‌కు బ్రౌన్ ప్యాచ్ పడుతుంది.

స్ప్రే హెడ్ నిజంగా ఎంత పోస్తోందో ఊహించొద్దు. ఒకే సైజు పొట్టి డబ్బాలు ఆరు ఒక జోన్‌లో అక్కడక్కడా పెట్టి, 10 నిమిషాలు వదిలి, స్కేలుతో లోతు కొలిచి, సగటును ఆరుతో గుణించండి. అది గంటకు పడే అంగుళాలు. ఒక డబ్బాలో మరీ తక్కువ పడితే హెడ్ వంగిపోయి ఉండటమో, నాజిల్‌లో మట్టి చేరడమో, గడ్డిలోకి దిగిపోవడమో కారణం. నీళ్ళు పొగమంచులా లేస్తుంటే ప్రెషర్ ఎక్కువ. స్ప్రే హెడ్‌కు 30 పీఎస్‌ఐ చాలు, రెగ్యులేటర్ ఉన్న హెడ్లు వేస్తే ఆ నష్టం ఆగుతుంది.

ఇక గడ్డి చచ్చిందా, నిద్రపోతోందా? బెర్ముడాకు భూమి లోపల దుంపవేళ్ళు ఉంటాయి. పైన అంతా గడ్డిపరకలా ఎండినా లోపల బతికే ఉంటుంది. ఒక పిడికెడు పట్టి లాగండి. గట్టిగా పట్టుకుని, మొదట్లో తెల్లగానో లేత ఆకుపచ్చగానో కనిపిస్తే బతికే ఉంది. వారానికి అర అంగుళం పెడుతూ పోతే మొదళ్ళు నిలుస్తాయి. సెయింట్ ఆగస్టీన్‌కు ఆ దుంపవేళ్ళు లేవు, నేల మీద పాకే తీగలే దిక్కు. తీగ ఎండితే ఆ చోటు పోయినట్టే.

డ్రైవ్‌వే పక్కన నిలవడం లేదన్నారు కదా. సిమెంటు వేడి తగిలే అంచు నుంచి సెయింట్ ఆగస్టీన్ పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగై, మచ్చ విస్తరిస్తూ పోతుంటే నీళ్ళు పెంచకముందు చించ్ బగ్ (గడ్డి రసం పీల్చే పురుగు) ఉందేమో చూడండి. రెండు వైపులా మూతలు తీసేసిన కాఫీ డబ్బాను పచ్చకూ ఎండుకూ మధ్య అంచులో రెండు అంగుళాలు నేలలోకి దింపి, నీళ్ళు నింపి, ఐదు పది నిమిషాలు ఆగండి. తెల్ల రెక్కలున్న చిన్న నల్ల పురుగులు, ఎర్రటి పిల్లలు పైకి తేలితే అదే జబ్బు. నీళ్ళు రెట్టింపు చేసినా అది తగ్గదు.

కోత ఎత్తు: బెర్ముడా ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు, సెయింట్ ఆగస్టీన్ మూడు, మూడున్నర. ఒక్కసారిలో మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు. కోత మనిషి అన్ని ఇళ్ళకూ ఒకే సెట్టింగ్‌తో తిరుగుతాడు, మీ సెయింట్ ఆగస్టీన్‌ను బెర్ముడా ఎత్తులో గీకేస్తున్నాడేమో చూడండి. ఈ ఎండలో ఎరువు వద్దే వద్దు. లెటర్ భయంతో నైట్రోజన్ చల్లితే నీళ్ళు లేని గడ్డి మాడిపోతుంది. సెప్టెంబరులో చల్లబడ్డాక 1,000 చదరపు అడుగులకు ఒక పౌండు నైట్రోజన్, అంటే 21-0-0 (21 శాతం నైట్రోజన్) సంచి నుంచి సుమారు 4.75 పౌండ్లు. భాస్వరం వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ల్యాబ్‌కు మట్టి పంపితే చెబుతారు, చాలా యార్డుల్లో భాస్వరం అప్పటికే సరిపడా ఉంటుంది.

---

కాలిన్_వాకిలి

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. లెటర్ సర్టిఫైడ్ మెయిలే. బెర్ముడా లాగి చూశాను, మొదట్లో తెల్లగా ఉంది. డ్రైవ్‌వే పక్కన డబ్బా పెడితే పురుగులు తేలాయి, అంటే చించ్ బగ్గే. ఆ 300 అడుగుల ముక్కలో ఇక సెయింట్ ఆగస్టీన్ వద్దనుకుంటున్నాను. చుట్టూ ఉన్న బెర్ముడా కూడా అందులోకి పాకింది. అట్టలు పరిచి, పైన మల్చ్ (నేల మీద కప్పే చెక్కపొట్టు) వేస్తే గడ్డి చస్తుందని విన్నాను, నిజమేనా? చెట్టుకు 30 రోజులంటే సెప్టెంబరు మొదట్లోనే పెట్టాలి. ఆ ఎండలో పెట్టొచ్చా?

---

వేరు_మెడ

చెట్టు ఇప్పుడు పెట్టొద్దు. చచ్చినదాన్ని మాత్రం గడువులోపే తీయించి ఫోటో పంపండి. కొత్తది అక్టోబరు చివర, నవంబరులో పెడతానని రాసి, ఏ జాతి, ఎంత కాలిపర్, ఏ నెల అన్నది స్పష్టంగా పెట్టి గడువు పొడిగించమని అడగండి. నర్సరీ కొటేషన్ జత చేస్తే ఇంకా మంచిది. తేదీ, చెట్టు పేరు ఉన్న వినతిని బోర్డులు సాధారణంగా ఒప్పుకుంటాయి. "చల్లబడ్డాక చూస్తాం" అన్నదాన్ని ఒప్పుకోవు. 100 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండలో పెట్టిన 3 అంగుళాల చెట్టు వేళ్ళు పట్టకముందే ఆకు రాలుస్తుంది, వచ్చే ఏడు మళ్ళీ ఇదే లెటర్.

పాతది ఎందుకు చచ్చిందో చూడకుండా కొత్తది పెట్టకండి. తీసేటప్పుడు మొదలు చూడండి. కాండం కింద వెడల్పై వేళ్ళుగా విడిపోయే మెడ నేల పైన కనిపించాలి. కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిపోయి ఉంటే లోతుగా పాతారన్నమాట. బిల్డర్లు పెట్టిన చెట్లలో ఇది చాలా మామూలు. వేళ్ళకు గాలి అందదు, కొన్ని కాండం చుట్టూ తిరిగి దాన్నే బిగిస్తాయి, ఐదారేళ్ళు బాగానే ఉండి ఒక ఎండాకాలంలో పోతుంది.

గొయ్యి వెడల్పు మట్టిముద్దకు రెండు మూడు రెట్లు, లోతు మాత్రం ముద్ద ఎత్తుకు ఒక అంగుళం తక్కువే. రేగడిలో గొయ్యి తవ్వి అందులో సంచి మట్టి నింపితే అది బకెట్‌లా నీళ్ళు పట్టుకుని వేళ్ళు కుళ్ళుతాయి. తవ్విన మట్టినే తిరిగి వేయండి. గొయ్యి గోడలు పారతో నున్నగా గీసుకుపోతే ఫోర్కుతో గరుకు చేయండి, లేకపోతే వేళ్ళు కుండలో తిరిగినట్టు తిరుగుతాయి. మల్చ్ 3 అంగుళాలు, కాండానికి తగలకుండా. నీళ్ళు కాలిపర్ అంగుళానికి 10 గ్యాలన్ల చొప్పున, 3 అంగుళాల చెట్టుకు ఒక్కో తడికి 30 గ్యాలన్లు, నెమ్మదిగా. కాలిపర్ కొలిచేది నేల నుంచి 6 అంగుళాల ఎత్తులో (4 అంగుళాలు దాటిన చెట్లకు 12 అంగుళాల ఎత్తులో). నర్సరీ 3 అంగుళాలన్నది కొలిస్తే 2.5 ఉండటం మామూలే, ఇన్‌స్పెక్టర్ టేపు తెచ్చేముందు మీరే కొలవండి.

ఏ చెట్టు? సీడర్ ఎల్మ్, చింకపిన్ ఓక్, బర్ ఓక్ ఈ సున్నపు రేగడికి తగినవి. పిన్ ఓక్ వద్దు, ఈ మట్టిలో ఇనుము అందక ఆకులు పసుపై చస్తుంది. అయితే ముందు హెచ్‌ఓఏ ఒప్పుకునే చెట్ల జాబితా చూడండి, దాంట్లో లేనిది పెడితే రెండోసారి తవ్వాలి. తవ్వడానికి కనీసం 48 గంటల ముందు 811కు ఫోన్ చేయండి, ఉచితం. గ్యాస్, కరెంటు, ఫైబర్ లైన్లకు రంగు గుర్తులు వేసి వెళతారు. మీ స్ప్రింక్లర్ పైపులకు మాత్రం వేయరు, అవి మీరే వెతుక్కోవాలి. ఓక్‌లను ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కత్తిరించకండి. ఓక్ విల్ట్ బూజును మోసే పురుగులు అప్పుడే తిరుగుతాయి, ఎప్పుడు కోసినా గాయానికి వెంటనే పెయింట్ వేయాలి.

అట్టల మాట: మామూలు గడ్డికి పనిచేస్తాయి, బెర్ముడాకు పనిచేయవు. దుంపవేళ్ళు అట్టల అంచుల నుంచీ సందుల నుంచీ పైకొస్తాయి. వచ్చే జూన్‌లో మీ కొత్త మొక్కల మధ్యలోంచి లేస్తుంది, అప్పుడు పీకడం ఎవరి తరం కాదు. గ్లైఫోసేట్ (కలుపుమందు) వాడదలిస్తే ఎండి నిద్రపోతున్న గడ్డి మీద కొట్టడం దండగ, ఆకు పచ్చగా ఉంటేనే మందు వేళ్ళ దాకా పోతుంది. అందుకే చంపబోయే ముక్కకు కూడా ముందు రెండు వారాలు నీళ్ళు పెట్టి పచ్చగా చేసి, అప్పుడు కొట్టాలి. మూడు వారాల తర్వాత మళ్ళీ మొలిచినదాని మీద రెండోసారి. మందు వద్దనుకుంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. నేలను తడిపి, షీటు బిగించి, అంచులను మట్టితో కప్పి, జూలై, ఆగస్టుల్లో 4 నుంచి 6 వారాలు ఉంచండి. నల్లషీటు కంటే పారదర్శకమైనదే నేలను ఎక్కువ వేడెక్కిస్తుంది. ముందు యార్డులో ప్లాస్టిక్ పరిస్తే మరో లెటర్ వస్తుంది కాబట్టి అప్లికేషన్‌లోనే "తాత్కాలికంగా, ఫలానా తేదీ దాకా" అని రాయండి.

మొక్కలు: 300 అడుగుల ముక్కలో వెనక వరుసకు డ్వార్ఫ్ యాపాన్ హోలీ, 3 అడుగుల దూరంలో. ముందు సాల్వియా గ్రెగ్గి, గల్ఫ్ ముహ్లీ, మధ్యలో రెండు మూడు రెడ్ యుక్కాలు. హోలీ, యుక్కా చలికాలంలో కూడా పచ్చగా ఉంటాయి. ఇది అందం కోసమే అనుకోకండి. ముహ్లీ, లాంటానా డిసెంబరులో గోధుమరంగు తిరుగుతాయి, యార్డంతా అవే వేస్తే జనవరిలో "చచ్చిన మొక్కలు" అని నోటీసు వస్తుంది. సగమైనా పచ్చగా ఉండేవి ఉంటే ఆ బాధ లేదు. ఎండినవాటిని ఫిబ్రవరి చివర కత్తిరించండి.

మల్చ్ 3 అంగుళాల మందానికి 75 ఘనపుటడుగులు, అంటే 2 ఘనపుటడుగుల సంచులు 38. మట్టి మెరుగుదలకు కంపోస్టు 2 అంగుళాలు (50 ఘనపుటడుగులు), దానితోపాటు ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి ముక్కలు) వేసి పై 6, 8 అంగుళాల మట్టిలో కలపండి. ఇసుక మాత్రం కలపొద్దు. రేగడిలో ఇసుక కలిస్తే ఇటుకలా గట్టిపడుతుంది.

---

డ్రిప్_జోన్

పైన చెప్పినదానికి ఒక్కటి జోడించాలి. ఆ ముక్కను గడ్డి స్ప్రే జోన్‌లోనే ఉంచేసి కొత్త మొక్కలు పెడితే రెండూ పాడవుతాయి. విడతకు గడ్డికి 5 నిమిషాలు చాలు, డ్రిప్‌కు 25 కావాలి. ఒకే వాల్వ్ మీద రెండూ నడవవు. ఆ ముక్కకు వేరే వాల్వ్ ఉంటే దాన్నే డ్రిప్‌గా మార్చండి. లేకపోతే కొత్త వాల్వ్ వేయాలి.

మార్చే పద్ధతి ఇది. ఆ జోన్ హెడ్లలో ఒకదాని దగ్గర డ్రిప్ కిట్ బిగించి మిగతావాటికి మూతలు పెట్టండి. వాల్వ్ తర్వాత 150 మెష్ ఫిల్టర్, 25 నుంచి 30 పీఎస్‌ఐ రెగ్యులేటర్ తప్పనిసరి. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలిపితే ఫిట్టింగులు ఊడిపోతాయి, అదీ మల్చ్ కింద కాబట్టి బిల్లు వచ్చేదాకా తెలియదు. 12 అంగుళాలకు ఒక ఎమిటర్ (నీటి బొట్లు వదిలే రంధ్రం), గంటకు 0.6 గ్యాలన్ ఉన్న ట్యూబు, వరుసల మధ్య 18 అంగుళాలు. 300 చదరపు అడుగులకు దాదాపు 200 అడుగుల ట్యూబు. దాన్ని ఒకే పొడుగు లైనుగా కాకుండా రెండు వైపులా హెడర్ (వరుసలన్నిటినీ కలిపే అడ్డ పైపు) పెట్టి గ్రిడ్‌లా వేయండి, చివర ఫ్లష్ వాల్వ్ ఉంచండి. ఈ అమరికలో గంటకు 0.64 అంగుళం పడుతుంది. స్ప్రే కంటే నెమ్మదే గానీ రేగడి తాగే వేగం కంటే ఇంకా ఎక్కువే, అందుకే దీన్నీ 25 నిమిషాల చొప్పున రెండు విడతలుగా పెట్టండి. మీ సొంత ఇంట్లో ఈ పని మీరే చేసుకోవచ్చు. బయటివాళ్ళతో చేయిస్తే వాళ్ళకు టీసీఈక్యూ (టెక్సస్ పర్యావరణ సంస్థ) ఇర్రిగేటర్ లైసెన్సు ఉండాలి, నంబరు అడగండి.

చాలా ఊళ్ళలో డ్రిప్‌కూ, ఇంటి పునాది పక్కన వేసే సోకర్ హోస్‌కూ రోజుల ఆంక్షల్లో కొంత మినహాయింపు ఉంటుంది. మీ ఊరి నీటి ఆంక్షల నోటీసులో ఆ వాక్యం వెతికి చూసుకోండి. సోకర్ హోస్ పునాదికి 12 నుంచి 18 అంగుళాల దూరంలో వేయాలి, ఆనించి కాదు. ఆనించి పెడితే నీళ్ళు నెర్రెలోంచి స్లాబ్ కిందికి దిగుతాయి.

---

పెరటి_పందిరి

పందిరి సంగతి ఎవరూ తీసుకోలేదు. మనవాళ్ళ ఇళ్ళకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే.

చట్టం దగ్గర మొహమాటం లేకుండా చెప్పాలి: 202.007లో కంపోస్టు ఉంది, వాననీటి డ్రమ్ములు ఉన్నాయి, డ్రిప్ ఉంది. కూరగాయల పేరు లేదు. కాబట్టి "తోట నా హక్కు" అని వాదనకు దిగకండి. పందిరిని చాలా డీడ్‌లలో స్ట్రక్చర్ కింద లెక్కేస్తారు, దానికి ముందు అనుమతి కావాలి. ఫెన్స్ 6 అడుగులైతే పందిరిని 5 అడుగుల 6 అంగుళాలకు దించితే గొడవే ఉండదు. బీర, పొట్ల కాయలు వేలాడాలి కాబట్టి ఎత్తు కావాలంటారు. దానికి బదులు వంపు పందిరి వేయండి. 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉండే క్యాటిల్ ప్యానెల్‌ను (పశువుల కంచెకు వాడే ఇనుప జాలి) 7 అడుగుల ఎడంలో వంచితే మధ్యలో ఆరడుగులు దాటుతుంది, 9 అడుగుల ఎడంలో వంచితే ఫెన్స్ లోపలే ఉంటుంది. రెండు వైపులా టీ పోస్టులు (ఇనుప గుంజలు) రెండేసి కొట్టి వైరుతో కట్టండి. కట్టకపోతే ప్యానెల్ స్ప్రింగులా తన్నుతుంది, ఒక్కరే వంచబోవద్దు.

అసలు ప్రమాదం వేరే ఉంది, లెటర్లో అది రాయలేదు. పందిరి పక్క యార్డులో ఉందన్నారు. రెండు ఇళ్ళ మధ్య సందు ఖాళీ జాగా కాదు, వాననీటి కాలువ. వెనక యార్డు నీళ్ళు రోడ్డుకు చేరాలని బిల్డర్ అక్కడ పల్లం పెడతాడు. అక్కడ మళ్ళు ఎత్తు చేసి, చెక్కలు అడ్డం పెడితే నీళ్ళు మీ పునాది వైపో పొరుగు ఇంటి వైపో తిరుగుతాయి. వాన నీటిని మళ్ళించి పొరుగువారికి నష్టం చేయకూడదని టెక్సస్ వాటర్ కోడ్ 11.086 చెబుతోంది. అది హెచ్‌ఓఏ ఫైన్ లాంటిది కాదు, కోర్టు వ్యవహారం. పందిరి ఆ పల్లంలో ఉంటే నోటీసు వచ్చినా రాకపోయినా వెనక్కి జరపండి. ఇటుక గోడ కింది వరుసలో చిన్న ఖాళీలు ఉంటాయి, గోడ లోపలి తేమ బయటికి పోవడానికి. మడి మట్టి వాటిని కప్పితే చెదలకు దారి. మట్టిని ఆ ఖాళీల కంటే కనీసం 4 అంగుళాలు కిందే ఉంచండి.

ఇంకొకటి, తోటకూర, గోంగూర రోడ్డుకు కనిపించే చోట వేయకండి. తోటకూర ఇక్కడి పిగ్‌వీడ్‌కు అన్నదమ్ములాంటిది, చూసేవాళ్ళకు కలుపులాగే ఉంటుంది. ఫెన్స్ వెనక వేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఈసారి బీర కాపు సెప్టెంబరు దాకా వస్తుంది, గడువు అంతదాకా అడగండి. వచ్చే ఏడు విత్తడం ఏప్రిల్‌లో నేల వేడెక్కాకే కాబట్టి కొత్త చోటు సిద్ధం చేసుకోవడానికి చలికాలమంతా ఉంది.

---

కాలిన్_వాకిలి

పందిరి పల్లంలోనే ఉందండి, మీరు చెప్పేదాకా ఆ ఆలోచనే రాలేదు. జరిపేస్తాను. ఆఖరుగా రెండు ప్రశ్నలు. వాననీటి డ్రమ్ము పక్క గోడకు పెట్టొచ్చా? అలాగే కుండీలో పెద్దదైన కరివేపాకు మొక్కకు పిలకలు వచ్చాయి, ఒకటి కాలిఫోర్నియాలో చెల్లెలికి పంపొచ్చా?

---

డీడ్_చదివినవాడు

డ్రమ్ము పెట్టొచ్చు. ఇంటి ముందుభాగానికీ రోడ్డుకూ మధ్య పెట్టకూడదు, రంగు ఇంటి రంగుతో కలవాలి. పక్క గోడకు పెట్టినది రోడ్డు నుంచి కనిపిస్తే సైజు, మరుగు విషయంలో నియమాలు పెట్టొచ్చు గానీ, పెట్టడమే భారమయ్యేలా చేయకూడదు. 1,000 చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు వస్తాయి, 55 గ్యాలన్ల డ్రమ్ము నిమిషాల్లో నిండుతుంది. అందుకే పొంగిపోయే నీటికి గొట్టం పెట్టి పునాదికి దూరంగా వదలాలి. మూతకు సన్నజాలి లేకపోతే దోమలు. 2012లో డల్లస్ కౌంటీలో వెస్ట్ నైల్ ఎంత తీవ్రంగా వచ్చిందో ఇక్కడివాళ్ళకు గుర్తే. జాలి ఉన్నా నెలకో బీటీఐ బిళ్ళ (దోమ పిల్లలను చంపే బాక్టీరియా మందు) వేయండి.

అప్లికేషన్ అన్నిటికీ కలిపి ఒకటే పెట్టకండి. డ్రైవ్‌వే ముక్క, చెట్టు, పందిరి, డ్రమ్ము నాలుగూ వేర్వేరుగా. ఒకదాన్ని కాదంటే మిగతావి ఆగిపోవు. ఒక్కోదానికి ప్లాట్ సర్వే కాపీ మీద గీసిన బొమ్మ, కొలతలు, మొక్కల పేర్లు, ఎన్ని, పెరిగాక ఎంత ఎత్తు, ఇప్పటి ఫోటోలు రెండు, పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉండాలి. హియరింగ్ వినతి కూడా 30 రోజుల్లోపే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. వాళ్ళు గడువు పొడిగిస్తే తర్వాత వెనక్కి తీసుకోవచ్చు, పంపకపోతే ఆ అవకాశం పోతుంది.

---

వేరు_మెడ

కరివేపాకు పంపకండి. నిమ్మ జాతిని నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ జబ్బును మోసే సిల్లిడ్ పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆశ్రయం. ఆ పురుగు విషయంలో టెక్సస్ రాష్ట్రమంతా క్వారంటైన్ కిందే ఉంది, సర్టిఫికెట్ లేకుండా మొక్కను రాష్ట్రం దాటించడం నేరం. కారులో వేసుకుని వెళ్ళినా అంతే. మీ చెల్లెలిని అక్కడి లైసెన్సు ఉన్న నర్సరీలో కొనుక్కోమనండి. పిలకలను మీరే వేరే కుండీల్లో పెంచుకోండి. రాత్రి 45 డిగ్రీల (ఫారెన్‌హీట్) కంటే తగ్గుతుందంటే లోపల పెట్టండి, నీళ్ళు బాగా తగ్గించండి. చలికాలంలో ఆకు రాలిందని కంగారుపడి నీళ్ళు పోస్తేనే వేరు కుళ్ళి చస్తుంది.